బొక్క

మా దిక్కు ఎముకనూ బొక్కనే అంటం,
గోడకు పడ్డ రంధ్రాన్నీ బొక్కనే అంటం.
ఇన్నేండ్లల ఎన్నడూ తడబడలేదు నేను,
దేవ్లి నా ముందట కూసునే దాక.

"నడుము, మేడం" అన్నది మొదలు.
రెండోసారి "తొడ" అన్నది.
మూడోసారి ఏమీ అనలేదు.
రమావత్ దేవ్లి, పదిహేడేండ్లు,
దేవరకొండ గ్రౌండుల నలుగురు పట్టినా
గీత దాటొచ్చే రైడర్,
కడుపు కింద, తొడల నడుమ
రెండు బొక్కలు కలిసే చోటుకు
పేరు దొరకక
ఒడ్డు వెంబడే తిరిగింది.

నేను పీఈటీని. పేరు నాకూ రాలేదు.
స్ప్రే కొట్టిన. ఐసు పెట్టమన్న.
ఉరికి ఉరికి, కాలు విసిరి విసిరి
ఆటల పిల్లలకు ఆడ వాపొస్తది,
కొన్నాళ్లు ఆగితే అదే దిగుతది.
ట్రైనింగుల చెప్పిన మాట. తప్పు కాదు.
అందుకే నమ్మిన.

జోనల్ పోటీలు తొమ్మిది రోజులున్నయి.
ఒక్క సూది ఏపిస్తే వాపు దిగుతదట,
మిర్యాలగూడల ఎవరో ఏస్తరట.
పైసలు గూడ తీసి పెట్టిన
జామెట్రీ డబ్బల.

కానీ దేవ్లి పండుకుంటలేదు.
హాస్టల్ వార్డెన్ సులోచనమ్మ అన్నది:
"ఉరికితే నొస్తే ఆట నొప్పి.
పండుకున్నా నొస్తే?"
పొద్దుగూకంగ ఒళ్లు కాలుతున్నది.
మంచం మీద పక్కకు తిరగాల్నంటే
రెండు చేతులతోని కాలెత్తి పెట్టుకుంటున్నది.

నల్లగొండ పెద్ద దవాఖాన.
నుస్రత్ డాక్టరమ్మ ఎమ్మారై ఫొటో వెలుతురుకు పట్టింది.
రెండు బొక్కల మొనలు తెల్లగ.
"వాపైనా ఇంతే తెలుపు,
చీమైనా ఇంతే తెలుపు.
రక్త పరీక్ష ఎక్కువ చూపెట్టింది, అదీ సగం మాటనే.
సూది ఏమన్న ఏపించినవా?"
లేదన్న.
"మంచిగైంది. ఏపిస్తే
క్రిమికి అన్నం పెట్టినట్టుండు."
సంచిల డబ్బ మూత చప్పుడు
నాకొక్కదానికే వినబడ్డది.

"ఈ మధ్య గడ్డలు, పుండ్లు?"
లేవని తల ఊపబోయిన.
యాదికొచ్చింది.
మొరం గ్రౌండుల గీరుకపోయిన మోకాలు,
చీము పట్టిన పుండు.
పసుపు నేనే అద్దిన.
మానింది గూడ.
పైన మానింది.

వాపును చూసి బలుపనుకున్నోళ్లకు
సామెత ఉన్నది.
చీమును చూసి వాపనుకున్నోళ్లకు
ఒక్కటి గూడ లేదు.

బోరు పాయింటు చూసేటాయన ఓసారి
అరచేతిల కొబ్బరికాయతోని మా చెలకంతా తిరిగిండు.
కాయ లేచి నిలబడ్డది. నాయన అప్పు తెచ్చిండు.
ఆరు వందల ఫీట్లు, దుమ్ము.
రాయి లోపట ఏమున్నదో
రాయి మీద నడిచేటోళ్లకు తెల్వదు.
డాక్టరమ్మ కొబ్బరికాయ పట్టలేదు.
బొక్కకు బొక్క పెట్టి
చిటికెడు తీసి సీసల ఏసింది.
"మొలిస్తే చీము. మొలవకుంటే,
చాలామటుకు, వాపు.
రెండు దినాలు ఆగాలె."

ఆ రెండు దినాలు
నేనేం మొక్కుకున్ననో చెప్పాల్నంటే సిగ్గు.
మొదటి రాత్రి: మొలవొద్దు, పిల్ల ఆడాలె.
రెండో రాత్రి: మొలిస్తే మొలవనీ,
దాని పేరేందో తెలవనీ.
దేవ్లి మాత్రం సెలైన్ చుక్కలు చూసుకుంట
కబడ్డి కబడ్డి అని పెదిమలు కదిపింది,
ఒక్క ఊపిరిల ఎన్ని చుక్కలు పడతయో అని.

మొలిచింది.

ఆరు వారాలు మందు, నరంల నుంచి.
జోనల్ల మావోళ్లు మొదటి రోజే ఓడిండ్రు.
మళ్ల ఆడుతదా అంటే
"ముందు నడవనీ" అన్నది డాక్టరమ్మ.

ఇప్పుడు గ్రౌండుల ఎవరన్న నొప్పంటే
స్ప్రే జేబులనే ఉంటది.
ఎక్కడనో వేలు పెట్టి చూపియ్యి, సిగ్గు పడకు అంట.
ఎప్పటి సంది అంట. పుండ్లేమన్న అయినయా అంట.
పిల్లలు నవ్వుతరు.
అందరు పోయినంక ఒక్కటి, మెల్లగ:
రాత్రి నిద్ర పడుతుందా?